ఆస్పత్రి మంచం పక్కన చదివిన పుస్తకాలు

ప్రశ్న: పెద్ద జబ్బుతో మంచాన పడ్డవాళ్ళ గురించి, చేయని నేరానికి జైల్లో మగ్గినవాళ్ళ గురించి చదివిన పుస్తకాల్లో మీకు బాగా గుర్తుండిపోయినవి ఏవి?

2019లో నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పోయాయి. మనం అనేదంతా ఆయనకి అర్థమవుతుంది, నాలుకే తిరగడం లేదన్నారు డాక్టరు. ఎడంచేత్తో రాయమంటే కాగితం మీద గీతలు తప్ప ఏమీ పడలేదు. ఆ రోజుల్లోనే ఒక ఫ్రెండ్ తెచ్చి చేతిలో పెట్టాడు 'ది డైవింగ్ బెల్ అండ్ ది బటర్‌ఫ్లై'.

రాసినాయన జాన్ డొమినిక్ బోబీ. పారిస్‌లో 'ఎల్' పత్రికకి ఎడిటర్. 1995 డిసెంబర్‌లో, 43 ఏళ్ళకే స్ట్రోక్ వచ్చి ఒళ్ళంతా చచ్చుబడింది. ఆడేది దాదాపు ఎడమ కంటిరెప్ప ఒక్కటే. ఫ్రెంచిలో ఎక్కువగా వాడే అక్షరాలు ముందొచ్చేలా వరసపెట్టి ఒకావిడ చదువుతుంటే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప కొట్టేవాడు. పుస్తకం మొత్తం అలా చెప్పి రాయించిందే. 1997లో అది అచ్చయిన కొద్ది రోజులకే పోయాడు.

అది చదివి నేనూ ఒక అట్ట మీద అ నుంచి ఱ దాకా రాసి తెచ్చాను. అమ్మ ఒక్కొక్క అక్షరం మీద వేలు పెడుతూ 'న' దాకా వచ్చేసరికి నాన్న నిద్రలోకి జారుకునేవాడు. 'నీళ్ళు' అనాలంటే ఇంకా దీర్ఘం పెట్టాలి, ళ కింద ళ వత్తివ్వాలి. "మంచినీళ్ళు అడగడానికి పెద్దబాలశిక్షంతా చదవాలా?" అని అమ్మ విసుక్కుంది. దాంతో అక్షరాలు మానేసి మాటలే రాశాం: నీళ్ళు, నొప్పి, ఫ్యాను, పక్కకి తిప్పు, దురద, టీవీ. రాత్రంతా నొప్పితో మూలుగుతున్నాడని మేం టెన్షన్ పడుతుంటే, మర్నాడు నాన్న వేలు నేరుగా 'దురద' మీదకి వెళ్ళింది. వీపు మీద, తనకి చెయ్యి అందని చోట.

బోబీ పుస్తకంలో ఒకచోట, ఆయన ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే హాఫ్ టైమ్‌లో ఎవరో వచ్చి టీవీ కట్టేసి గుడ్‌నైట్ చెప్పి వెళ్ళిపోతారు. అది చదివాక నాన్నని అడక్కుండా రిమోట్ ముట్టుకోలేదు.

జైలు పుస్తకాల్లో నా ఓటు ఆంథొనీ రే హింటన్ రాసిన 'ది సన్ డస్ షైన్'కి. అమెరికాలోని అలబామాలో ఆయన్ని 1985లో పట్టుకెళ్ళారు. దొరికిన తూటాలు వాళ్ళమ్మ రివాల్వర్ నుంచి వచ్చినవేనన్న ఒక్క సాక్ష్యంతో రెండు హత్యల కేసులో మరణశిక్ష వేశారు. బయటపడింది 2015 ఏప్రిల్‌లో. దాదాపు 30 ఏళ్ళు! అప్పీళ్ళ భాగం కాస్త సాగదీసినట్టుంటుంది, తొందరగా తిప్పేసినా పర్లేదు. కానీ ఒక ఘట్టం ఉంది. జైల్లోకి వెళ్ళాక మూడేళ్ళ పాటు తోటి ఖైదీలెవరితోనూ మాట్లాడని మనిషి, ఒక రాత్రి ఎవరో ఏడుస్తుంటే విని ఏమైందని అడుగుతాడు. ఆ ఏడ్చేవాడి అమ్మ పోయిందట. అక్కణ్ణుంచి మళ్ళీ నోరు విప్పుతాడు. ఆ పేజీలు నేను నాన్నకి తెలుగులో చెప్తూ చదివాను. కన్నార్పకుండా విన్నాడు.

జబ్బు, జైలు రెండూ ఒకే మనిషి మీద పడ్డ కథ కావాలంటే మన అమలాపురం నుంచి వెళ్ళిన జి.ఎన్. సాయిబాబా కవితలూ ఉత్తరాలూ చదవండి. చిన్నప్పుడే పోలియో వచ్చి వీల్‌చెయిర్‌కే పరిమితమైన ఆ ప్రొఫెసర్‌ని నాగపూర్ జైల్లో అండా సెల్‌లో, అంటే గుడ్డు ఆకారపు ఒంటరి కొట్లో, పెట్టారు. 2024 మార్చిలో బాంబే హైకోర్టు నిర్దోషి అంది. అదే ఏడాది అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోయారు.

పాల్ కళానిధి రాసిన 'వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్' గురించి అందరూ చెప్తారు, మంచి పుస్తకమే. కానీ మీవాళ్ళెవరైనా ఇప్పుడు ఆస్పత్రిలో ఉంటే మొదలుపెట్టకండి. మొదట్లోనే, స్వయంగా న్యూరోసర్జరీ డాక్టరైన ఆయన తన క్యాన్సర్ స్కాన్ తనే చూసుకుంటుంటాడు. నేను అక్కడే మూసేశాను. నాన్న ఇంటికొచ్చి కర్ర పట్టుకుని వరండా దాకా నడిచాక, ఆర్నెల్లకి, మళ్ళీ తెరిచాను.