స్టాంపుల సేకరణకు ముందుగా ఏ పుస్తకాలు?

ప్రశ్న: స్టాంపులు సేకరిస్తున్నాను. ఏయే పుస్తకాలు కొనాలి? పాత కేటలాగులు పనికొస్తాయా?

జవాబు: మీరు సేకరించే దేశం కేటలాగు ఒక్కటి చాలు, ప్రపంచమంతటి సంపుటాల జోలికి ఇప్పుడే పోకండి. ఐదారేళ్ల పాతదైనా ఫరవాలేదు. ధరలు మారిపోతాయి గానీ వాటర్‌మార్కు (కాగితంలోనే ఉండే గుర్తు), పెర్ఫొరేషన్ (స్టాంపు అంచున ఉండే రంధ్రాలు) వివరాలు దాదాపు అలాగే ఉంటాయి. పెర్ఫొరేషన్ 14 అంటే 2 సెంటీమీటర్లలో 14 రంధ్రాలని అర్థం. కొలిచే గేజి లేకపోతే ఆ అంకె చదివీ లాభం లేదు.

స్కాట్, స్టాన్లీ గిబ్బన్స్, మిషెల్ కేటలాగుల్లో ఒకే స్టాంపుకు వేర్వేరు నంబర్లుంటాయి. అందుకే ఆల్బంలో నంబరుతోపాటు కేటలాగు పేరు, సంవత్సరం కూడా పెన్సిలుతో రాయండి. లేకుంటే స్టాంపుల మార్పిడి వేళ తికమకే. ఇక నకిలీలను గుర్తించే పుస్తకం... అది ఖరీదైన స్టాంపు కొనకముందే చేతిలో ఉండాలి సుమా! రంగు ఛాయల విషయంలో మాత్రం అచ్చు బొమ్మను నమ్మకండి. అసలు స్టాంపుతోనే పోల్చాలి.