చోళ్ల (రాగుల) మిషన్‌లో నేను చేసిన మార్పుకు పేటెంట్ వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గుణుపురం. వెల్డింగ్ షాపు ఉంది. ఒక కంపెనీ చోళ్ల నూర్పిడి మిషన్‌లో గింజ నలిగిపోతోందని రైతులు అంటుంటే, ఇనుప బీటర్లకు రబ్బరు పట్టీలు బిగించి, జల్లెడ వాలు మార్చాను. ఇప్పుడు గింజ శుభ్రంగా వస్తోంది. పేటెంట్ తీసుకుని ఈ మిషన్లు తయారుచేసి అమ్మవచ్చా? కంపెనీ కేసు వేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: పేటెంట్ రావడం వేరు, అమ్ముకోగలగడం వేరు. వేరొకరి యంత్రాన్ని మెరుగుపరిచినా ఆ మెరుగుదలకు మీ పేరున పేటెంట్ రావచ్చు. అయితే పేటెంట్ ఇచ్చేది ఇతరులను ఆపే హక్కు మాత్రమే. కంపెనీ పేటెంట్ బతికి ఉంటే, మీ చేతిలో పేటెంట్ ఉన్నా వాళ్ల అనుమతి లేకుండా పూర్తి మిషన్ చేసి అమ్మలేరు. వాళ్లూ మిమ్మల్ని అడగకుండా మీ మార్పు వాడుకోలేరు. బేరానికి మీకున్న బలం అదే. పేటెంట్ చట్టం 91వ సెక్షన్ కింద కంపెనీ పేటెంట్‌కు లైసెన్సు ఇప్పించమని పేటెంట్ ఆఫీసు అధిపతి అయిన కంట్రోలర్‌ను అడిగే దారి ఉంది కానీ, పరిశ్రమకు మీ మార్పు ఎంతో మేలు చేసిందని నిరూపించాలి. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

అందుకే ముందు మిషన్ మీద పేటెంట్ నంబరు ఉందేమో చూడండి. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. దరఖాస్తు చేసి 20 ఏళ్లు దాటినా, రెన్యువల్ ఫీజు కట్టక రద్దయినా, అసలు భారతదేశంలో పేటెంటే తీసుకోకపోయినా ఆ పాత డిజైన్‌తో మీకు పేచీ లేదు.

ఇక మీ మార్పు సంగతి. 1978లో మీర్జాపూర్ గిన్నెల తయారీ కేసులో, తెలిసిన లేత్ పద్ధతికి చేసిన చిన్న మార్పు వర్క్‌షాపులో ఎవరైనా చేసే సవరణేనంటూ సుప్రీంకోర్టు ఆ పేటెంట్‌ను చెల్లదంది. రైసుమిల్లుల్లో రబ్బరు రోలర్లు ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి, ఉత్త రబ్బరు పట్టీ అంటే మీ దరఖాస్తూ నిలవదనే నా భయం. రబ్బరు, జల్లెడ వాలు, డ్రమ్ము వేగం కలిస్తేనే ఈ ఫలితం వస్తోందని చూపించాలి. ఒకే రైతు వెన్నులను సగం పాత మిషన్‌లో, సగం మీ మిషన్‌లో వేసి, నలిగిన గింజను విడిగా తూచి, తేదీతో రాసి పెట్టండి.

ఈ లోపు వాట్సాప్‌లో వీడియోలు పెట్టవద్దు, అమ్మవద్దు. మీరే బయటపెడితే కొత్తదనం పోయినట్టే. పొలంలో తప్పనిసరై చేసిన ట్రయల్‌కు మాత్రం 32వ సెక్షన్‌లో ఏడాది వరకు రక్షణ ఉంది. అది ట్రయల్ అని నిరూపించే బాధ్యత మీదే.

మీరు ఒడిశాలో ఉన్నారు కనుక దరఖాస్తు కోల్‌కతా ఆఫీసుకు వెళ్తుంది, చెన్నైకి కాదు. ఆన్‌లైన్‌లో వేయవచ్చు, వ్యక్తులకు మొదటి ఫీజు 1,600 రూపాయలు. ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండాలి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే ఆ తేదీ మీకు దక్కుతుంది, పూర్తి వివరాలకు 12 నెలల గడువుంటుంది.

కంపెనీ పేటెంట్ బతికే ఉందని తేలితే, పూర్తి మిషన్ జోలికి పోకుండా, ఇప్పటికే కొన్న రైతులకు పట్టీలు, జల్లెడ సెట్టుగా అమ్మే ఆలోచన చేయండి. రిస్కు చాలా తక్కువ. ఆ సెట్టు మొదటిది అమ్మేలోపే దరఖాస్తు పడాలి.