టైరు ముందు, బండి తర్వాత: ఆర్సీ మేస్త్రి జవాబులు

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లు లారీ క్యాబిన్లు, బాడీలు కట్టాను. ఇప్పుడు అదే పని చిన్న కొలతలో చేస్తున్నాను. రిమోట్‌తో నడిచే (ఆర్సీ) చిన్న బండ్లు, అందులోనూ రాళ్లెక్కే క్రాలర్లు కడుతున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కొలతల గురించే అడిగారు. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగైంది.

మేస్త్రిగారూ, 313 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న క్రాలర్ ఛాసిస్ కొన్నాను. దాని మీదికి మూడు డోర్ల కొత్త మహీంద్రా థార్ జీపు బాడీ సొంతంగా కట్టాలని 1/10 లెక్కన, అంటే అసలు బండిలో పదో వంతుగా, డ్రాయింగ్ గీశాను. అట్టతో చేసి పెట్టి చూస్తే చక్రాలు ముందూ వెనకా బయటికి పోతున్నాయి. టైర్లు ట్రాక్టర్ టైర్లలా కనిపిస్తున్నాయి. ఛాసిస్ కోసి పొట్టి చెయ్యాలా? బాడీకి ఏ షీటు వాడాలి? – ఇంజినీరింగ్ విద్యార్థి, హనుమకొండ

ఛాసిస్ మీద రంపం పెట్టకు బాబూ. తప్పు దానిలో లేదు, 1/10 అన్న అంకెలో ఉంది. పెట్టె మీద 1/10 అని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి అందరం దాన్నే పట్టుకుంటాం.

ఈ పనిలో మనం చేసుకోలేనిది ఒక్కటే, టైరు. క్యాబిన్ చేసుకోవచ్చు, బంపర్ చేసుకోవచ్చు, అద్దాలు, సీట్లు, లింకులు అన్నీ చేసుకోవచ్చు. మెత్తటి రబ్బరు టైరు మాత్రం కొనాల్సిందే. కాబట్టి లెక్క టైరు దగ్గరే మొదలవ్వాలి. చేతిలో ఉన్న టైరు ఎత్తు కొలువు. అసలు బండి టైరు ఎత్తుని దానితో భాగించు. వచ్చిన అంకే నీ స్కేలు.

థార్‌కి వచ్చే 255/65 ఆర్18 టైరు తీసుకుందాం. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్లు. రబ్బరు ఎత్తు 255లో 65 శాతం, అది పైనా కిందా రెండుసార్లు. మొత్తం కలిపితే దాదాపు 789 మిల్లీమీటర్లు. మన క్రాలర్లకి ఎక్కువగా వాడే 1.9 అంగుళాల రిమ్ము టైరు చాలావరకు 100 నుంచి 120 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 100 ఉన్నదాన్ని తీసుకుంటే 789ని 100తో భాగించు. ఇంచుమించు 8 వచ్చింది.

ఇప్పుడు వీల్‌బేస్ చూడు. థార్ వీల్‌బేస్ 2450. ఎనిమిదితో భాగిస్తే 306. నీ ఛాసిస్ 313. తేడా 7 మిల్లీమీటర్లే! అదే 1/10 అయితే 245 రావాలి, అంటే దాదాపు ఏడు సెంటీమీటర్ల తేడా. నువ్వు అట్ట పెట్టినప్పుడు కనిపించింది అదే. వెడల్పు 1820ని భాగిస్తే 227. టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి చూసుకో. తక్కువైతే చక్రాల వెనకుండే 12 మిల్లీమీటర్ల హెక్స్ ముక్కలు మందంగా ఉన్నవి వేస్తే చక్రం బయటికి వస్తుంది. పొడవు అర మీటరుకి రెండు మిల్లీమీటర్లు తక్కువ.

ఆ 7 మిల్లీమీటర్లని బాడీలో సర్దేద్దాం అనుకోకు. ముందు చక్రం మడ్‌గార్డు వంపులో మధ్యకి లేకపోతే చూసే కన్ను వెంటనే పట్టేస్తుంది. వెనక యాక్సిల్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే నాలుగు కడ్డీల్నీ, అంటే లింకుల్నీ, 7 మిల్లీమీటర్లు పొట్టివి చేయించు. లింకు చివర మరతో బిగించే రాడ్ ఎండ్‌ని లోపలికి తిప్పి సరిపెట్టాలంటే కుదరదు. ఎం3 మరకి ఒక చుట్టు అర మిల్లీమీటరు, అంటే పద్నాలుగు చుట్లు కావాలి. అంత మర అక్కడ ఉండదు. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ లేత్ షాపులో ఇస్తే కొలతకి కోసి రెండు పక్కలా మర వేసి ఇస్తారు. లింకులు మార్చాక, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడటం మర్చిపోవద్దు. షాక్‌లు విప్పి యాక్సిల్‌ని చేత్తో పూర్తిగా పైకి నొక్కు. షాఫ్ట్ ఒకదానిలోకి ఒకటి జారే చోట ఇంకా కొంచెం ఖాళీ ఉండాలి. అక్కడ గుద్దుకుంటే మొదటి పెద్ద రాయికే జాయింట్ క్రాస్ పోతుంది.

ఇక షీటు. ఏబీఎస్ ప్లాస్టిక్ షీటు తీసుకో. పక్కలకి 1.5 మిల్లీమీటర్లు, రూఫ్‌కి 1 చాలు. ముందు ఫర్మా, అంటే కోతకి నమూనా, అట్టతో చెయ్యి. ఇంట్లో పడి ఉన్న పెళ్లి శుభలేఖలు దీనికి బ్రహ్మాండంగా ఉంటాయి, గట్టిగా ఉంటాయి, మడత నిలుస్తుంది. ఆటోనగర్‌లో ఒక రేకు కొయ్యాలన్నా ముందు ఫర్మా వేసే కోసేవాళ్లం. అది కుదిరాకే షీటు ముట్టుకో. కట్టర్‌తో ఒకే గీత మీద మూడు నాలుగుసార్లు గీసి, బల్ల అంచున పెట్టి నొక్కితే టక్కున విరుగుతుంది. రంపం అక్కర్లేదు. అతుకులకి ఏబీఎస్‌ని కరిగించి కలిపే సాల్వెంట్ సిమెంట్ వాడు, కిటికీ తెరిచి పెట్టుకుని. లోపల మూలల్లో చదరపు పుల్లలు అతికించు. అద్దాల దగ్గర మాత్రం ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరికి ప్లాస్టిక్ అద్దం మీద తెల్లటి బూజు పడుతుంది, పోదు.

డోరు సందు గురించి ఒక మాట. చాలామంది డోరుని నల్ల పెన్నుతో గీసి వదిలేస్తారు. నేను ఒక థార్‌కి కొలిస్తే డోరుకీ బాడీకీ మధ్య సందు 5 మిల్లీమీటర్లు ఉంది. ఎనిమిదితో భాగిస్తే 0.6. మామూలు హ్యాక్సా బ్లేడు మందం సరిగ్గా అంతే. డోరు అతికించేటప్పుడు చుట్టూ బ్లేడు ముక్కలు నిలబెట్టి, ఆరాక లాగేస్తాను. వెలుగు పక్క నుంచి పడినప్పుడు ఆ సన్నటి నీడ కనిపిస్తుంది చూడు, అక్కడే బొమ్మ కాస్తా నిజం బండి అవుతుంది.

గ్రిల్, లైట్ల ఫ్రేములు త్రీడీ ప్రింట్ చేయిస్తానంటే పీఎల్ఏ రకం ప్లాస్టిక్ వద్దు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. రెండు రోజులు గరుకు కాగితంతో రుద్ది రుద్ది నునుపు చేసిన గ్రిల్‌ని మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి అప్పడంలా వంగి ఉంది. అంత బాధ పెద్ద లారీ పనిలో కూడా ఎప్పుడూ పడలేదు. పీఈటీజీ రకం ప్లాస్టిక్ అయితే 80 దాకా, ఏబీఎస్ అయితే 100 దాకా ఆగుతుంది.

ఏబీఎస్ షీటుతో సొంతంగా కట్టిన నా బండి గోదావరి ఒడ్డు రాళ్ల మీద ఎక్కేటప్పుడు వెనక్కి బోర్లా పడుతోంది. అదే ఛాసిస్ మీద రెడీమేడ్ పల్చటి బాడీ ఉన్న మా స్నేహితుడి బండి మాత్రం ఎక్కేస్తోంది. ఇంకా పవర్ ఉన్న మోటారు వెయ్యాలా? – రాజమహేంద్రవరం

మోటారు మార్చకండి. పవర్ పెంచితే ఇంకా తొందరగా పడుతుంది. ఫొటో పంపారు కదా, రూఫ్ క్యారియర్ మీద స్టెప్నీ, ఇనప టూల్‌బాక్సు, రెండు డబ్బాలు, లైట్ల బార్. అదంతా నెత్తి మీద బరువు.

కిచెన్ త్రాసు తీసుకుని బాడీ ఒక్కటే తూచండి. నా మొదటి బండి బాడీ 940 గ్రాములు తూగింది. దాన్ని 560కి దించే దాకా ఏ రాయీ సరిగ్గా ఎక్కలేదు. రూఫ్ షీటు 1 మిల్లీమీటరుకి మార్చాను, డోర్ల లోపలి వైపు కనిపించని చోట కిటికీల్లా కోసేశాను. క్యారియర్ సామాన్లన్నీ తెల్ల పొణికితో చేశాను. కొండపల్లి బొమ్మలు చేసే కర్ర అది, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. మా ఊరికి కొండపల్లి దగ్గరే కాబట్టి ముక్కలు తెచ్చుకోగలిగాను. సందులు పూడ్చడానికి వాళ్లలాగే చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద పెడతాను. రంగు వేశాక ఇనప డబ్బా కాదంటే ఎవరూ నమ్మరు. డ్రైవర్ బొమ్మ కూడా దానితోనే. కూర్చున్న మనిషి 88 సెంటీమీటర్లు అనుకుంటే 1/8లో 11 సెంటీమీటర్లు.

తర్వాత ముందు చక్రాలని త్రాసు మీద, వెనక చక్రాలని అదే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి తూచండి. మళ్లీ అటూ ఇటూ మార్చండి. ఎత్తు సమానంగా లేకపోతే అంకె అబద్ధం చెబుతుంది. నూటికి 55 నుంచి 60 పాళ్లు ముందుండాలి. మీది వెనక ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. బ్యాటరీని ముందుకి, వీలైనంత కిందికి జరపండి. ఇంకా చాలకపోతే ముందు యాక్సిల్ చివరల్లో, స్టీరింగ్ తిరిగే చోట ఇత్తడి ముక్కలు వెయ్యండి. యాక్సిల్ మీదే ఉన్న బరువు స్ప్రింగుల కిందే ఉంటుంది కాబట్టి బండిని పట్టి ఉంచుతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఎక్కేటప్పుడు వెనక భాగం పైకి లేస్తూ ఉంటే, వెనక పై లింకుని ఛాసిస్ వైపు ఒక రంధ్రం పైకి మార్చి చూడండి. పై లింకు కింది లింకుకి సమాంతరంగా వచ్చేకొద్దీ ఆ లేవడం తగ్గుతుంది.

మా బాబుకి పదమూడేళ్లు. పుట్టినరోజుకి క్రాలర్ కొనిచ్చాం. రెండు నెలలకే బ్యాటరీ ఉబ్బింది. వాడేమో ఇంకా చార్జింగ్ పెడుతున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, నెల్లూరు

మీ భయం సబబే అమ్మా. ఈ పత్రిక చేతికి అందిన వెంటనే ఆ చార్జింగ్ ఆపించండి. ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తలో వెయ్యకూడదు. ఇంటి బయట, పొడి ఇసుక ఉన్న బకెట్లో పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునే చోట అప్పగించండి.

కారణం ఒకటి చూడమనండి. బండిలో మోటారుని నడిపే ఈఎస్‌సీ అనే చిన్న పెట్టె ఉంటుంది. కొన్నింటి మీద బ్యాటరీ రకం ఎంచుకునే చిన్న జంపర్ ఉంటుంది, ఒక పక్క లైపో, ఇంకో పక్క ఎన్‌ఐఎంహెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) రకం. లైపో పెట్టి జంపర్ రెండో పక్క వదిలేస్తే, బ్యాటరీ పూర్తిగా పీల్చుకుపోయే దాకా బండి ఆగదు. ఒక్కో సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే పాడైపోతుంది. పిల్లలకి బండి నడుస్తుంటే ఆపబుద్ధి కాదు కదా.

మీ వాడికి ఈ ఏడాది 7.2 వోల్టుల ఎన్‌ఐఎంహెచ్ ప్యాకే కొనండి, దానికి తగిన చార్జరుతో. కొంచెం బరువు, కానీ పొరపాట్లకి ఓర్చుకుంటుంది. జంపర్ ఆ పక్కకి మార్చడం మరవద్దు. లైపోకి వెళ్లిన రోజున మాత్రం: సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరే వాడాలి, 2200 ఎంఏహెచ్ ప్యాకుకి 2.2 ఆంప్స్ దాటకూడదు, సెల్లుకి 4.2 వోల్టులకి మించకూడదు, వారం వాడకపోతే 3.8 దగ్గర ఉంచాలి. చార్జింగ్ అవుతున్నంతసేపూ పెద్దవాళ్లు ఆ గదిలోనే ఉండాలి. ఎండలో స్కూటర్ డిక్కీలో ఒక్క పూట కూడా వదలొద్దు.

రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే బండి మొత్తం ఒక సెకను చచ్చిపోయి మళ్లీ వస్తోంది. చక్రాలని తిప్పే స్టీరింగ్ మోటారు, అంటే సర్వో, 25 కేజీల బలం ఉన్న కొత్తది వేశాక మొదలైంది. – కర్నూలు

సర్వో మంచిదే, దానికి కరెంటు చాలడం లేదు. ఇరుక్కున్నప్పుడు అది ఒక్కసారిగా లాగేస్తుంది, వోల్టేజీ పడిపోయి, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఆరి వెలుగుతుంది. 5 ఆంప్స్ పైన ఇచ్చే విడి బీఈసీ (బ్యాటరీ వోల్టేజీని తగ్గించి ఇచ్చే చిన్న పెట్టె) కొని నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వండి, వోల్టేజీ సర్వో మీద రాసిన దానికి మించకుండా. ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే మూడు తీగల్లో మధ్యనున్న ఎర్రది ఊడదీసి టేపు చుట్టండి. రెండు కరెంట్లూ కలవకూడదు.

మా నాన్నగారు ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఆయన పన్నెండు టన్నుల పాత లారీని ఫోర్ వీల్ డ్రైవ్ క్రాలర్‌లా చేసి డెబ్బయ్యో పుట్టినరోజుకి ఇవ్వాలని ఉంది. కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) అసలు బండికి ఉన్నట్టే ఉండాలి. సాధ్యమేనా? – డల్లాస్ నుంచి

సాధ్యమే, చాలా మంచి ఆలోచన. జపాన్ కంపెనీ టామియా 1985లోనే బ్రూజర్ అనే 1/10 పికప్పుని ఇనప ఛాసిస్, కమాన్ కట్టలు, మూడు గేర్లతో తెచ్చింది. కాబట్టి దారి కొత్తది కాదు.

మళ్లీ టైరు దగ్గరికే వెళ్దాం. పాత లారీల 9.00-20 టైరు ఎత్తు దాదాపు 1020 మిల్లీమీటర్లు. అదే 100 మిల్లీమీటర్ల 1.9 టైరుతో భాగిస్తే 1/10. థార్‌కి 1/8 ఇచ్చిన టైరే ఇక్కడ 1/10 ఇస్తోంది. కాకపోతే సన్నగా ఉన్నవి ఎంచుకోండి, వెనక జంట చక్రాలు పెట్టాలి కదా. వీల్‌బేస్ 4.2 మీటర్లు అనుకుంటే 42 సెంటీమీటర్లు వస్తుంది. ఆ పొడవుకి ఛాసిస్ పట్టాలు మీరే సీ ఛానల్‌తో కట్టుకోవాలి.

కమాన్ కట్టల్లో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అసలు దానిలో ఎన్ని పట్టీలుంటే అన్నీ స్టీలువే పెడతారు. అప్పుడది స్ప్రింగు కాదు, ఇనప దిమ్మె. కొలత పదో వంతు అయితే బరువు వెయ్యో వంతు అవుతుంది. పన్నెండు టన్నుల లారీ పన్నెండు కిలోలు, అదీ నిండు లోడుతో. కాబట్టి అర మిల్లీమీటరు మందం స్టీలు పట్టీలు రెండే పెట్టండి, అవే పని చేస్తాయి. మిగిలినవి నల్ల ప్లాస్టిక్ పట్టీలు, చూపు కోసం. ఇంకా బిగుసుగా ఉంటే పట్టీ సంఖ్య కన్నా మందం తగ్గించండి. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఒక చివర పిన్నుతో బిగించి, రెండో చివర షాకిల్‌కి, అంటే ముందుకీ వెనక్కీ ఊగే పట్టీకి, వేలాడదీయండి. రెండు చివరలూ బిగిస్తే కమాను కదలదు.

క్యాబిన్ కట్టేముందు నాన్నగారి పాత ఫొటోలు వెతకండి. బంపర్ మీద ఏ రంగులో ఏం రాయించారో, సన్‌షేడు మీద ఏ దేవుడి పేరుందో, నిమ్మకాయలు ఏ పక్క కట్టేవారో చూసుకోండి. లారీ ముందు నుంచీ పక్క నుంచీ తీసిన ఫొటో ఒక్కొక్కటి పంపితే, టైరు ఎత్తుని బట్టి క్యాబిన్ కొలతలు నేను తీసి, ఫర్మా గీసి పోస్టులో పంపిస్తాను.