డేటాబేస్ ఫైళ్లను నాస్ పెట్టెలో ఉంచవచ్చునా?

ప్రశ్న: మాది మందుల టోకు వ్యాపారం. బిల్లులు, సరుకు నిల్వల లెక్కలు అన్నీ ఒక లినక్స్ సర్వరు మీద పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్నాయి. సర్వరులో డిస్కు నిండుతున్నది. పక్కనే నాలుగు డిస్కుల నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద ఇతర యంత్రాలకు ఫైళ్లు అందించే నిల్వ పెట్టె) సగం ఖాళీగా పడి ఉన్నది. డేటాబేస్ ఫైళ్లను ఎన్‌ఎఫ్‌ఎస్ (వేరే యంత్రంలోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద సొంతవాటిలా వాడుకొనే పద్ధతి) ద్వారా అందులోకి మార్చి నడపవచ్చునా? సర్వరు చెడిపోయినా, మరో యంత్రాన్ని అవే ఫైళ్లకు తగిలించి పది నిమిషాల్లో పని మొదలుపెట్టవచ్చునని మా దగ్గర కంప్యూటర్లు చూసే అబ్బాయి అంటున్నాడు. వేగం పడిపోతుందని మరికొందరు భయపెడుతున్నారు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నడపవచ్చును, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అధికారిక పత్రాలు దీనిని కాదనలేదు. అయితే ఎన్‌ఎఫ్‌ఎస్ కోసం ఈ డేటాబేస్ ప్రత్యేకంగా ఏ జాగ్రత్తా తీసుకోదని, అవతల ఉన్నది సొంత డిస్కే అన్నట్టు పని చేసుకుపోతుందని కూడా ఆ పత్రాలే చెబుతాయి. ఆ నమ్మకం ఎక్కడెక్కడ వమ్ము కాగలదో ముందు చూద్దాం. వేగం సంగతి దాని తరువాతిది.

వ్యాపారులు కనుక చిట్టా (జరిగినది జరిగినట్టు రాసే రోజువారీ పుస్తకం), ఆవర్జా (ఖాతాల వారీ పుస్తకం) మీకు తెలిసినవే. డేటాబేస్ కూడా ఆ పద్ధతినే నడుస్తుంది. బిల్లు ఖరారు కాగానే దాని వివరాన్ని మొదట వాల్ అనే చిట్టాలో రాసి, ఎఫ్‌సింక్ అనే పిలుపుతో అది నిజంగా డిస్కు మీదికి చేరిందని రూఢి చేసుకొని, ఆ తరువాతనే కౌంటరుకు ‘అయినది’ అని చెబుతుంది. ఆవర్జా వంటి పట్టికల ఫైళ్లలోకి ఎక్కించడం తీరికగా జరుగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు చిట్టా చూసి ఆవర్జాను సరిదిద్దుకుంటుంది. ఎఫ్‌సింక్‌కు వచ్చే జవాబు నిజమైతేనే ఈ ఏర్పాటంతా నిలుస్తుంది. నాస్ పెట్టెలో ఎక్స్‌పోర్ట్ అమరిక (ఫోల్డరును బయటి యంత్రాలకు ఇచ్చే తీరు) అసింక్ అని ఉంటే, రాసినది ఇంకా పెట్టె మెమరీలో ఉండగానే ‘డిస్కుకు చేరింది’ అని జవాబు వచ్చేస్తుంది. ఆ క్షణాన పెట్టెకు కరెంటు పోతే చివరి నాలుగు బిల్లులు పోవడంతో నష్టం ఆగదు. ఆవర్జాలో ఎక్కిన మార్పు చిట్టాలో కనబడకపోవచ్చు, డేటాబేస్ అసలు లేవకనే పోవచ్చు. ఈ అమరిక పెట్టెను బట్టి మారుతుంది కనుక మీరే తెరచి చూడండి. ఇక్కడ చాలామంది పొరబడతారు: సింక్ అంటే అసింక్‌కు వ్యతిరేకం, డిస్కుకు చేరాకనే జవాబివ్వడం. సర్వరు వైపు మౌంట్ చేసేటప్పుడు (ఆ ఫోల్డరును తనకు తగిలించుకొనేటప్పుడు) ఇచ్చే సింక్ వేరు, పెట్టె వైపు ఎక్స్‌పోర్టులో ఉండే సింక్ వేరు. మొదటిది అవసరం లేదు, ఎందుకంటే కావలసిన చోటల్లా డేటాబేస్ తానే ఎఫ్‌సింక్‌ను పిలుస్తుంది. రెండవది లేకుండా నడపవద్దు.

మౌంట్ చేసేటప్పుడు తప్పనిసరిగా ఇవ్వవలసినది హార్డ్ అనే ఐచ్ఛికం. దానితో నెట్‌వర్క్ తెగినప్పుడు డేటాబేస్ కదలక మెదలక నిలిచిపోతుంది, కౌంటరులో అందరికీ విసుగు పుడుతుంది. సాఫ్ట్ అని ఇస్తే కాసేపటికి ‘రాయలేకపోయాను’ అనే లోపం తిరిగివస్తుంది, డేటాబేస్ ఆ పనిని మళ్లీ ప్రయత్నించదు. విఫలమైన ఎఫ్‌సింక్‌ను మళ్లీ పిలిచినప్పుడు లినక్స్ మూల భాగమైన కెర్నల్ ‘అంతా బాగున్నది’ అనగలదని 2018లో బయటపడి పెద్ద చర్చ జరిగింది. అందుకే 2019 ఫిబ్రవరి విడుదలల నుంచి, ఎఫ్‌సింక్ విఫలమైతే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ తనంతట తానే కూలి, చిట్టా నుంచి తిరిగి లేస్తుంది. విసుగునే, అంటే హార్డ్‌నే ఎంచుకోండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన పది నిమిషాల ఉపాయం. నన్ను అన్నిటికంటె కలవరపెట్టినది ఇదే. ఒకే డేటా డైరెక్టరీ మీద రెండు సర్వర్లు నడవకుండా అందులో పోస్ట్‌మాస్టర్ డాట్ పీఐడీ అనే చిన్న ఫైలు కాపలా ఉంటుంది. కాని అందులోని ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్య, అది వాడే షేర్డ్ మెమరీ గుర్తు ఒకే యంత్రంలో ఉన్నంతవరకే అర్థవంతం. రెండవ యంత్రం తనలో ఆ ప్రాసెస్ ఉన్నదా అని వెదికి, లేదు కనుక ఫైలు పాతదనుకొని, నిశ్చింతగా మొదలైపోతుంది. మొదటి యంత్రం నిజంగా చనిపోలేదనుకోండి, కేవలం దాని తెర మాత్రమే స్తంభించిందనుకోండి, ఇద్దరు గుమాస్తాలు ఒకరికొకరు తెలియకుండా ఒకే ఆవర్జాలో రాస్తున్నట్టే. మొదటిది నిమిషానికొకసారి ఆ ఫైలును చూసుకొని, మారిందని గమనిస్తే ఆగిపోతుంది గాని, పాడు కావడానికి ఆ నిమిషం చాలు. కాబట్టి రెండవదాన్ని లేపే ముందు మొదటిదాని కరెంటు తీగను చేత్తో పీకి, పీకినట్టు కళ్లతో చూడాలి.

మౌంట్ అయిన తరువాతనే డేటాబేస్ మొదలయ్యేలా అమర్చండి. డేటాను నేరుగా మౌంట్ స్థానంలో పెట్టక, దాని లోపలి మరో ఫోల్డరులో ఉంచండి. పెట్టె అందని రోజున ఖాళీ ఫోల్డరులో కొత్త డేటాబేస్ పుట్టుకురాకుండా ఇది అడ్డుపడుతుంది.

వేగానికి వస్తే, ఒక ఎఫ్‌సింక్‌కు 2 మిల్లీసెకన్లు పడితే ఒక కనెక్షన్ సెకనుకు 500 బిల్లులకు మించి ఖరారు చేయలేదు. మీ దుకాణానికి అది లెక్కలోనిది కాదు. పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే పనిముట్టును పాత డిస్కు మీద, నాస్ మీద నడిపి పోల్చండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 చుట్లే తిరుగుతుంది, కనుక ఒకదాని తరువాత ఒకటిగా నిజమైన ఎఫ్‌సింక్‌లు కూడా సుమారు అంతకు మించలేవు. బ్యాటరీ రక్షణ ఉన్న కాష్ (తాత్కాలిక మెమరీ) లేని ఇలాంటి డిస్కుల పెట్టె సెకనుకు వేల సంఖ్య చూపితే సంతోషించకండి, దారిలో ఎవరో అబద్ధమాడుతున్నారు.

నన్నడిగితే, సర్వరులోనే పెద్ద ఎస్‌ఎస్‌డీ రెండు కొని, ఒకదాని ప్రతి మరొకదానిలో ఉండేలా జంటగా వేయించి, నాస్ పెట్టెను రోజువారీ బ్యాకప్‌కు, వాల్ ఫైళ్ల ప్రతులకు వాడమంటాను.

ప్రశ్న: అదే పెట్టె ఐస్కజీ ద్వారా ఇస్తే ఈ చిక్కులు ఉండవు కదా?
— మరొక పాఠకుడు, వరంగల్

జవాబు: కొన్ని ఉండవు. ఐస్కజీ ఫైళ్లను గాక డిస్కునే అందిస్తుంది. కాని దాని మీద ఈఎక్స్‌టీ4 వంటి మామూలు ఫైల్ సిస్టమ్ వేసి రెండు యంత్రాలలో ఒకేసారి మౌంట్ చేస్తే, డేటాబేస్ కంటె ముందు ఫైల్ సిస్టమే పాడవుతుంది. కరెంటు తీగ పీకే నియమం అక్కడా వర్తిస్తుంది.