కొండదారికి చేతికర్రలు, వానకు తడవని సంచులు: కొత్తగా వచ్చినవారికి నా సలహా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చదువులకో ఉద్యోగాలకో వాషింగ్టన్ రాష్ట్రానికి వచ్చిన మన పిల్లలు వేసవి మొదలవగానే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. కొండదారులలో నడవడానికి ఎంత తేలికైన ట్రెక్కింగ్ కర్రలు కొనాలి, ఏ సంచి తీసుకుంటే వానకు తడవదు అని. బొబ్బిలి నుంచి వచ్చిన ఒక చెల్లెలు ఈసారి మరో మాట జోడించింది. జూలైలో అమ్మానాన్నలు వస్తున్నారని, వాళ్ళను మౌంట్ రెయినీర్ కొండ మీది పారడైజ్ అనే చోటికి తీసుకువెళ్ళాలని ఉందని, వాళ్ళకూ అవే కర్రలు సరిపోతాయా అని అడిగింది. నా సమాధానం ఇది: కర్రకు బరువు కన్నా బిగింపును చూడండి, సంచికి పై గుడ్డ కన్నా లోపలి పొరను చూడండి.

మనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మందస వైపు నుంచి శివరాత్రికి భక్తులు ఎక్కే మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. పారడైజ్‌లో మనం కారు ఆపే చోటే సుమారు 1,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ జూలైలో కూడా బాట మీద మంచు మిగిలి ఉండవచ్చు. కాబట్టి అమ్మానాన్నలు ఊళ్ళో రామతీర్థం మెట్లు ఎక్కారు కదా, ఇదెంత అనుకోకండి.

కర్రలు ముఖ్యంగా రెండు రకాలు. కార్బన్ ఫైబర్‌వి జత దాదాపు 350 నుంచి 450 గ్రాములు తూగుతాయి, అల్యూమినియంవి 450 నుంచి 600 గ్రాముల దాకా ఉంటాయి. చేతిలో పట్టుకుని రోజంతా ఊపే వస్తువు కనుక ఈ తేడా సాయంత్రానికి భుజానికి తెలుస్తుంది. అయితే రాళ్ళ మధ్య ఇరుక్కుని పక్కకు బలం పడినప్పుడు అల్యూమినియం కర్ర సాధారణంగా వంగుతుంది, దాన్ని జాగ్రత్తగా సరిచేసుకుని ఇంటిదాకా రావచ్చు. కార్బన్ కర్ర మాత్రం విరిగిపోతుంది. కొత్తగా నడక మొదలుపెట్టేవారు, పెద్దవాళ్ళు కర్ర మీద పూర్తి బరువు మోపుతారు. అందుచేత వాళ్ళకు అల్యూమినియమే మంచిదని నా అభిప్రాయం. అలవాటు పడి, కర్రను ఎక్కడ మోపాలో చేతికి తెలిసిన తరువాత కార్బన్‌కు మారవచ్చు.

ఇక బిగింపు. కర్ర గొట్టాలు ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి, కావలసిన పొడవు దగ్గర వాటిని కదలకుండా పట్టి ఉంచేదే బిగింపు. మెలితిప్పి బిగించే రకం చూడటానికి నాజూకుగా ఉంటుంది కానీ, లోపల తడి చేరినా దుమ్ము చేరినా దిగేటప్పుడు బరువు మోపగానే జారి లోపలికి పోయే ప్రమాదం ఉంది. పైన మీట ఉండి, దాన్ని మడిచి బిగించే రకం చలిలో చేతితొడుగులతో కూడా పనిచేస్తుంది, వదులైతే స్క్రూ కొంచెం తిప్పుకుంటే చాలు. దుకాణంలోనే మీట బిగించి, కర్రను నేలకు ఆనించి శరీరం బరువంతా దాని మీద వేసి చూడండి. ఒక్క సెంటీమీటరు దిగినా ఆ జత వద్దు.

పొడవు విషయంలో మన అమ్మలకు ఎక్కువ ఇబ్బంది వస్తుంది. చదునైన నేల మీద కర్ర మోపినప్పుడు మోచేయి సమకోణంలో వంగాలి. అయిదడుగుల మనిషికి దాదాపు 100 సెంటీమీటర్లు, అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 110 సెంటీమీటర్లు సరిపోతాయి. పొడవు మార్చే వీలులేని మడత కర్రలలో పొట్టివి తక్కువగా దొరుకుతాయి కాబట్టి అమ్మకు సర్దుకునే రకమే తీసుకోండి. ఎక్కేటప్పుడు అయిదు నుంచి పది సెంటీమీటర్లు తగ్గించుకోవాలి, దిగేటప్పుడు అంతే పెంచుకోవాలి. పిడి కార్క్‌దైనా ఫోమ్‌దైనా పరవాలేదు. వేసవిలో చెమటపట్టే చేతులకు రబ్బరు పిడి బొబ్బలు తెప్పిస్తుంది.

పిడికి ఉండే పట్టీని చాలామంది పైనుంచి చేయి దూర్చి వేసుకుంటారు. కింది నుంచి పైకి చేయి పోనిచ్చి, పట్టీ అరచేతికి, బొటనవేలి సందుకు ఆనేలా దాని మీదుగా పిడిని పట్టుకోవాలి. అప్పుడు బరువు పట్టీ మోస్తుంది, వేళ్ళు వదులుగా ఉంటాయి. ఒకసారి అలా పట్టుకుని నాలుగడుగులు వేస్తే తేడా మీకే తెలుస్తుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కర్రల ఉపయోగం దిగేటప్పుడే ఎక్కువ. వాలు దిగేవారు కర్రలు వాడితే మోకాలి కీలు మీద పడే బలం 12 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తేలింది. కర్ర పట్టుకుంటే ముసలివాళ్ళం అనుకుంటారని నాన్నలు ముఖం తిప్పుకుంటారు. ముందు మీరు ఒక జత పట్టుకుని నడవండి. ఆ దారిలో పాతికేళ్ళ వాళ్ళూ కర్రలతో ఎదురైతే నాన్నగారు ఇంక కాదనరు.

సంచుల దగ్గరకు వస్తే, కొత్తవాళ్ళు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సంచి మీద 'వాటర్ రెసిస్టెంట్' అని రాసి ఉంటే కాసేపటి చినుకులకు ఆగుతుందని మాత్రమే అర్థం. గుడ్డకు పూత ఉన్నా కుట్టు రంధ్రాల నుంచి, జిప్పు నుంచి నీరు దిగుతుంది. పైన తొడిగే వాన కవరు కూడా సగం రక్షణే. వీపు వైపు అది మూయదు, మెడ మీద నుంచి కారిన నీరు అటునుంచే లోపలికి చేరుతుంది. పెద్ద గాలి వస్తే కవరే ఎగిరిపోతుంది. ఇదే రాష్ట్రంలో ఉన్న ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో అడవిలో ఏడాదికి దాదాపు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అంటే మన జిల్లాలలో పడే వానకు సుమారు మూడు రెట్లు. పలాసలో జీడిపప్పును తేమ నుంచి కాపాడేది పైనున్న అట్టపెట్టె కాదు, లోపల గాలి చొరకుండా మూసిన కవరు. వీపు సంచికీ అదే పద్ధతి పాటించండి.

చెత్తను అదిమే యంత్రాలకు వాడే దళసరి ప్లాస్టిక్ సంచులు ఇక్కడ సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. ఒకటి తెచ్చి వీపు సంచి లోపల పరిచి, సామానంతా అందులో పెట్టి, గాలి తీసేసి, మూతి మెలితిప్పి లోపలికి మడిస్తే చాలు. దాని బరువు లెక్కలోకి రాదు, ఖర్చూ స్వల్పమే. ఫోను, కారు తాళం, మందులు, మారు బట్టలు వేరుగా డ్రై బ్యాగులలో, అంటే మూతి చుట్టి మూసే, వాన నీరు చొరని సంచులలో పెట్టండి. చిన్నవాటికి అయిదు లీటర్లది, బట్టలకు పది లీటర్లది సరిపోతుంది. మూతి కనీసం మూడు చుట్లు చుట్టాకే క్లిప్పు పెట్టాలి. ఒక్క చుట్టుతో సరిపెడితే నీరు ఆగదు. కొన్న రోజే లోపల కాగితపు రుమాలు ఒకటి వేసి షవరు కింద పది నిమిషాలు ఉంచి చూడండి, కుట్టు కారుతుంటే రుమాలు చెబుతుంది. ఇలాంటి సంచులు చాలావరకు వానకు పనికొస్తాయే కానీ, నీటిలో మునిగితే ఆగవు, కాబట్టి వాగు దాటేటప్పుడు ఫోనును అదనంగా జిప్‌లాక్ కవరులో వేయండి. జీన్సు, నూలు బట్టలు మాత్రం వద్దు. తడిసిన నూలు త్వరగా ఎండదు, ఒంటి వేడిని లాగేస్తుంది, ఈ కొండలమీద అది ప్రాణం మీదికి తెస్తుంది.

మొదటిసారికి అన్నీ కొనవలసిన పని లేదు. కొండనడక సామాను అమ్మే ఆర్‌ఈఐ దుకాణాలు కొన్నిటిలో కర్రలు అద్దెకు ఇస్తారు, ఒక రోజు వాడి చూసి తరువాత కొనవచ్చు. వాడిన ప్రతిసారీ కర్ర భాగాలను విడదీసి తుడిచి ఆరబెట్టండి, నూనె మాత్రం రాయకండి, రాస్తే బిగింపు జారిపోతుంది. విమానంలో వెళ్ళేటప్పుడు మొనలకు రబ్బరు తొడుగులు వేసి చెక్-ఇన్ సామానులోనే పెట్టండి, మొన వాడిగా ఉన్న కర్రలను చేతిసంచిలో అనుమతించరు. బొబ్బిలి చెల్లెలికి చెప్పేదేమంటే, అమ్మకు, నాన్నకు చెరొక జత అల్యూమినియంవి, మీట బిగింపు ఉన్నవి, ఇప్పుడే తీసుకుని, వాళ్ళు వచ్చాక మొదటి వారం ఇంటి దగ్గరి పార్కులోనే ఎత్తు సర్ది నడిపించు. పారడైజ్ ప్రయాణం ఆ తరువాత పెట్టుకో.