ఏజెంటు పని ఎక్కడిదాకా?

ప్రశ్న: హైదరాబాద్ మియాపూర్‌లో పదేళ్ల నాటి ఫ్లాటు 68 లక్షలకు మాట్లాడుకున్నాం. ఏజెంటు రెండు శాతం కమీషన్ అడుగుతున్నారు. కాగితాలన్నీ చూశానని, టోకెన్‌గా 2 లక్షలు నగదు ఇమ్మని అంటున్నారు. అమ్మేవారికి హోమ్ లోన్ ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: నగదు ఇవ్వకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. చెక్కు అమ్మేవారి పేరునే రాయండి, ఏజెంటు పేరున వద్దు. రసీదులో ఫ్లాటు నంబరు, ధర, గడువుతో పాటు టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) తేడా వచ్చినా, మీకు లోను మంజూరు కాకపోయినా టోకెన్ వాపసు ఇస్తామని రాయించుకోండి. ఈ ఒక్క వాక్యం లేకే చాలా టోకెన్లు మునిగిపోతాయి.

ఏజెంటు ఇల్లు చూపిస్తారు, బేరం కుదురుస్తారు, రిజిస్ట్రేషన్ స్లాటు బుక్ చేయిస్తారు. అది విలువైన పనే. కానీ బేరం కుదిరితేనే ఆయనకు కమీషన్. అనుమానాలు లేవనెత్తే పని ఆయన మీద పెట్టడం న్యాయం కాదు. లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీరు పెట్టుకున్న లాయరు చూడాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటరీ అగ్రిమెంట్లు, రిజిస్టరు కాని వీలునామాలు అందులోకి రావు.

లోను ఉందంటే ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నట్టే. బాకీ ఎంతో, తమ దగ్గర ఏయే పత్రాలున్నాయో బ్యాంకు నుంచి లెటర్ తెమ్మని అమ్మేవారిని అడగండి. బాకీ సొమ్మును నేరుగా ఆ లోను ఖాతాకే కట్టండి.

చాలామంది ఏజెంట్లు చెప్పడం మరిచిపోయేది టీడీఎస్, అంటే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి ముందే కోసి కట్టే పన్ను. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం, అంటే మీ విషయంలో 68 వేలు, మీరే మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే నోటీసు వచ్చేది మీకే. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడ్డవారైతే ఈ ఒక శాతం లెక్క వర్తించదు, ముందే సీఏను కలవండి.

ఇక కమీషన్. దీనికి చట్టం రేటు కట్టలేదు, అంతా మాటే. రెండు శాతమంటే 1,36,000. అవతలి పక్షం నుంచి కూడా తీసుకుంటున్నారా అని మొహమాటం లేకుండా అడగండి, తీసుకుంటుంటే ఒక శాతానికి బేరమాడండి. సగం అగ్రిమెంటు నాడు, మిగతా సగం రిజిస్ట్రేషన్ అయ్యాక ఇవ్వండి.

ప్రశ్న: విజయవాడలో మా స్థలం అమ్ముతున్నాం. "మీకు గజానికి ఇంత, పైన వచ్చింది నాది" అంటున్నారు ఏజెంటు. ఒప్పుకోవచ్చా?

జవాబు: వద్దు. కొనేవారికి ఒక ధర, మీకు ఒక ధర చెబితే డాక్యుమెంటులో ఏ అంకె రాయాలన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. శాతం కాగితం మీద రాసుకోండి. అమ్మిపెట్టడానికి జీపీఏ (మీ తరఫున సంతకం చేసే అధికారమిచ్చే పత్రం) అడిగితే అసలు ఇవ్వకండి. ఒరిజినల్స్ చేతికివ్వకుండా జిరాక్సులు ఇచ్చి, వాటి మీద అడ్డంగా "పరిశీలన కోసం మాత్రమే" అని రాసి, తేదీ వేయండి.