స్టార్ట్ చేయగానే కార్ కంప్యూటర్ రీబూట్ అవుతుంటే

మినీ ఐటీఎక్స్ బోర్డుతో (చిన్న సైజు మదర్‌బోర్డు) కారులో పెట్టిన కంప్యూటర్ ఇంజన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ రీబూట్ అవుతోందని, బండి రెండు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతోందని రాశారు. బోర్డును అనుమానించకండి. తేడా కరెంటు ఇచ్చే చోటే ఉంది.

స్టార్టర్ మోటార్ తిరిగే క్షణంలో 12 వోల్టుల బ్యాటరీ 8 వోల్టులకో, చలిలో ఇంకా కిందికో పడిపోతుంది. బ్యాటరీ కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా మార్చే మీ మామూలు కన్వర్టర్ దాన్ని తట్టుకోలేదు. 6 నుంచి 30 వోల్టుల దాకా తీసుకునే, కార్ల కోసమే చేసిన డీసీ-డీసీ ఏటీఎక్స్ సప్లై (బ్యాటరీ డీసీ కరెంటును నేరుగా కంప్యూటర్ బోర్డుకు కావాల్సిన వోల్టేజీలుగా మార్చేది) పెట్టండి. ఇన్వర్టర్ జోలికి వెళ్లొద్దు, దానివల్ల కరెంటు వృథా, పైగా వేడి.

ఇలాంటి సప్లైకి ప్లస్, గ్రౌండ్‌తో పాటు ఇగ్నిషన్ వైరు కూడా ఉంటుంది. చాలామంది దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపేస్తారు, బ్యాటరీ దిగిపోయే తంటా అక్కడే వస్తుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైనుకు కలపండి. సప్లై నుంచి వచ్చే రెండు సన్న వైర్లను బోర్డు మీది పవర్ బటన్ పిన్నులకు తగిలించండి. బండి ఆపి తాళం తీయగానే ఆ సప్లై కంప్యూటర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయించి, కాసేపటికి స్టాండ్‌బై కరెంటును (ఆపేసిన కంప్యూటర్ కూడా లాగే కొద్దిపాటి కరెంటు) కూడా ఆపేస్తుంది. ఎంతసేపటికి ఆపాలో నిర్ణయించే టైమర్ జంపర్లు (సప్లై మీది పిన్నులను కలిపే చిన్న క్లిప్పులు) సరిచూసుకోండి.

ప్లస్ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ తప్పనిసరి. అది లేకుండా ఒక్కరోజు కూడా నడపకండి.